ఆరో అంశం

ఫిబ్రవరి 3

మంత్రిగారి గదిలోంచి బయటికి వస్తూ డైరెక్టర్ గారు నా భుజం మీద చెయ్యి వేశారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ చెయ్యి నా భుజం మీద పడటం ఇదే మొదలు. ఏప్రిల్‌లో క్రీడా మంత్రుల సమ్మేళనం మన దగ్గరే జరుగుతుందట. చాలా దేశాలు వస్తున్నాయి. క్రీడాకారుల హక్కుల మీద అందరూ కలిసి సంతకం పెట్టే ఉమ్మడి ప్రకటన ముసాయిదా నేను రాయాలి.

"నువ్వయితే మాట తూచి రాస్తావు," అన్నారు.

ఇంట్లో చెబితే మా ఆవిడ, "అయితే రెండు నెలలు మీ ముఖం చూసే బాధ తప్పిందన్నమాట," అంది. వెటకారమే గాని సంతోషపడింది. మా చెల్లెలు పొట్టి, గుమ్మంలో కూర్చుని షూ లేసులు విప్పుకుంటూ, "హక్కులంటే ఏం రాస్తావు అన్నయ్యా? చీకటితో లేపి పరిగెత్తించే కోచ్‌లని జైల్లో వెయ్యాలని రాయి," అంది.

ఈ డైరీ కిందటేడు ఆఫీసులో ఇచ్చింది. ఇంత పెద్ద పని నెత్తిన పడ్డప్పుడు మనిషి తన కోసం నాలుగు ముక్కలు రాసిపెట్టుకోవడం మంచిది. ఎవరికీ చూపించేది కాదు.

ఫిబ్రవరి 6

ఆరో అంశం రాశాను. "క్రీడాకారులెవరి శరీరం మీదనైనా, వారికి అర్థమయ్యేలా వివరించి వారి అనుమతి తీసుకోకుండా, ఎటువంటి పరీక్ష గాని చికిత్స గాని జరపరాదు."

పైకి చదువుకుంటే ఒళ్ళు పులకరించింది.

ఫిబ్రవరి 11

పొట్టి గెలిచింది. ఎనిమిది వందల మీటర్లు. జాతీయ జట్టులో చోటు ఖాయం.

పిడికెడంత పుట్టిందని నాన్న పెట్టిన పేరది. ఇప్పుడు గుమ్మం తగలకుండా తల వంచుకుని ఇంట్లోకి వస్తుంది. అయినా పేరు వదల్లేదు. నాన్న పోయేనాటికి అది రెండో తరగతి. బడి, బూట్లు, జ్వరాలు, మందలింపులు, అన్నీ నా చేతుల మీదే నడిచాయి. చెల్లెలంటారు గాని నాకు అది పెద్ద కూతురు.

రెండో స్థానంలో వచ్చిన అమ్మాయి కోచ్ ట్రాక్ పక్కన నిలబడి అందరికీ వినపడేలా, "అసలు అది ఆడపిల్లేనా?" అన్నాడు. పొట్టి తుడుచుకుంటున్న తువ్వాలు దించి, "మీ అమ్మాయిని కాస్త ముందుకి రమ్మనండి సార్. ఎప్పుడూ నా వీపే చూస్తోంది, పాపం ఎలా తెలుస్తుంది?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 17

ఆ కోచ్ అథ్లెటిక్స్ సమాఖ్యకి ఫిర్యాదు చేశాడట. పొట్టిని పిలిచి రక్తం తీసుకున్నారు. స్కానింగ్ కూడా చేశారు. ఎందుకని అడిగితే, "అందరికీ చేస్తాం," అన్నారట. జట్టులో ఇంకెవరికీ చెయ్యలేదు.

"సూదంటే భయం నాకు. కళ్ళు మూసుకుని చెయ్యి ఇచ్చేశా," అంది.

మామూలు పరీక్షే అయి ఉంటుంది.

ఫిబ్రవరి 24

సమాఖ్య డాక్టరు ఆఫీసుకి వచ్చాడు. తలుపు ఆయనే వేశాడు.

"మీతో మాట్లాడితే చాలనుకున్నాను. ఆ అమ్మాయికి ఇప్పుడే తెలియక్కర్లేదు," అన్నాడు.

చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, రేపు నాకే అనుమానం రాకుండా. పొట్టి పుట్టుకతోనే అంత. అందులో ఎవరి తప్పూ లేదు. గర్భసంచి లేదు. పొత్తికడుపులో రెండు గ్రంథులున్నాయి, అవి మగవాళ్ళలో ఉండే హార్మోన్ తయారుచేస్తున్నాయి. ఆడవాళ్ళ పందేలకి సమాఖ్య గీసిన హద్దుని అది దాటిపోయింది. పరుగు మానెయ్యాలి, లేదా మందులు మింగుతూ ఉండాలి, లేదా ఆపరేషన్ చేసి వాటిని తీసేయాలి.

"మందులైతే మళ్ళీ మళ్ళీ పరీక్షలు, నలుగురి నోళ్ళలో పడటం. ఆపరేషన్ అయితే ఒక్కసారితో పోతుంది. సమ్మేళనంలోపు లేచి తిరుగుతుంది కూడా," అన్నాడు.

"దానివల్ల నష్టం ఏమైనా..."

"ఏ ఆపరేషన్‌కైనా కొంత ఉంటుంది కదండీ."

ఇంకా అడగాల్సింది. ఆయన వాచీ చూసుకుంటున్నాడు.

సాయంత్రం అమ్మని పక్కకి పిలిచి, పొట్టి అసలు పెద్దమనిషి అయిందా అని మెల్లగా అడిగాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పరుగుల వల్ల ఆలస్యమవుతుందని దాని కోచ్ భార్య చెప్పిందిరా. ఇరవయ్యేళ్ళు వచ్చాక ఎవర్ని అడగను?" అంది. తర్వాత, "ఎవరికీ తెలియకూడదు," అంది.

ఫిబ్రవరి 25

డైరెక్టర్ గారికి అప్పటికే తెలుసు. "మీ ఇంటి విషయం, నేను కల్పించుకోను," అని మొదలుపెట్టి అరగంట కల్పించుకున్నారు. హక్కుల సమ్మేళనం పెట్టుకుని, ప్రకటన రాసేవాడి చెల్లెలి కథ పేపర్లో వస్తే మంత్రిగారి తల ఎక్కడ పెట్టుకోవాలి అన్నది ఆయన బాధ.

చూస్తాను అన్నాను.

ఫిబ్రవరి 27

పొట్టికి చెప్పాను. అంతా కాదు. చెప్పాల్సినంత.

హెర్నియా అని చెప్పాను. చిన్న ఆపరేషన్, కొన్నాళ్ళు విశ్రాంతి అని.

"నొప్పి లేదే?"

"స్కానింగ్‌లో కనపడింది. వదిలేస్తే పరిగెడుతుండగా ముదురుతుందట."

అది నా ముఖంలోకి చూసింది. చిన్నప్పుడు చేదు మందు తాగించేటప్పుడు అలాగే చూసేది, ముందు నువ్వు తాగు అన్నట్టు. తర్వాత, "నువ్వు చెప్తే సరే," అంది.

అబద్ధం అనడానికి వీల్లేదు. కడుపులో ఉండకూడనిది ఉంది, తీసేస్తున్నారు. మాట ఒక్కటే తేడా.

మార్చి 4

ముసాయిదా మీద దేశాల అభ్యంతరాలు వచ్చాయి. తల ప్రాణం తోకకొస్తోంది. ఒకరికి "హక్కు" అన్న మాట బరువుగా ఉందట, "ప్రయోజనం" అనమంటున్నారు. ఒకరు అయిదో అంశంలో కామా తీసెయ్యమన్నారు. తీసేస్తే ఇంకొకరు ఒంటికాలి మీద లేచారు.

అందరి కళ్ళూ ఆరో అంశం మీదే. "అనుమతి అంటే ఎవరి అనుమతి? మా దగ్గర పెళ్ళికాని అమ్మాయిల విషయాలు ఇంటి పెద్దలు చూసుకుంటారు," అని నాలుగు దేశాలు ఒకేలా చెప్పాయి. నేను పట్టువదల్లేదు. "అనుమతి అంటే ఆ మనిషి అనుమతి. వేరే అర్థం లేదు," అని జవాబు పంపాను.

డైరెక్టర్ గారు చదివి, "బాగుంది. కానీ విడుపు కూడా ఉండాలోయ్," అన్నారు.

మార్చి 9

ఇవాళ ఆపరేషన్. మీటింగ్ వల్ల వెళ్ళలేకపోయాను. మా ఆవిడ, అమ్మ ఉన్నారు.

మీటింగ్ మధ్యలో డాక్టరు ఫోన్ చేశాడు. వసారాలోకి వెళ్ళి మాట్లాడాను. మత్తు ఇచ్చేశారట. "మొత్తం తీసేయమంటారా, ఒకటి ఉంచి చూడమంటారా? ఒకటి ఉంచితే మళ్ళీ హద్దు దాటొచ్చు. మీరు చెప్పాలి," అన్నాడు.

గాజు తలుపు అవతల డైరెక్టర్ గారు రమ్మని చెయ్యి ఊపుతున్నారు.

"మొత్తం తీసేయండి," అన్నాను.

లోపలికి వెళితే చర్చ ఆరో అంశం మీదికి వచ్చింది. "వివరించి" అన్న మాట ఉండాలా వద్దా అని. ఉండాలని వాదించి నెగ్గాను.

మార్చి 10

పొట్టి లేచి కూర్చుంది. బాగానే ఉంది.

మార్చి 13

ఇంటికి తెచ్చాం. బాగానే ఉంది.

మార్చి 19

బాగానే ఉంది. చెమటలు పడుతున్నాయట. ఎండలు మొదలయ్యాయి కదా.

మార్చి 23

పొట్టి గదిలో ఏడుస్తోంది. ఎందుకని మా ఆవిడ అడిగితే, "తెలీదు వదినా, దానంతటదే వస్తోంది," అందట. ఒంట్లోంచి సెగలు వస్తున్నాయని తడిగుడ్డ మెడకి చుట్టుకుని కూర్చుంటోంది.

"హెర్నియాకి ఇలా అవుతుందా?" అని అడిగింది మా ఆవిడ. నా దగ్గర్నుంచి జవాబు వచ్చేదాకా కదల్లేదు. ఎండల వల్లే అన్నాను. ఆమెకి ఆడవాళ్ళ విషయాలు తెలుసు. ఇంకోసారి అడగలేదు, పక్క తీసుకుని అమ్మ గదిలోకి వెళ్ళిపోయింది.

మార్చి 29

పొట్టికి పరుగు నేర్పిన కోచ్ మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"కాళ్ళు రావట్లేదు సార్. ఒక చుట్టు తిరిగితే కూలబడిపోతోంది. విశ్రాంతి వల్ల అనుకున్నా. విశ్రాంతి వల్ల ఇలా అవ్వదు. నా చేతుల్లో పెరిగిన పిల్ల, నాకు తెలుసు."

"టైం పడుతుంది."

"ఏం తీశారు సార్ దాని లోంచి?"

సమాఖ్య వాళ్ళని అడగమన్నాను. ఆయన నీళ్ళు కూడా ముట్టుకోకుండా లేచి వెళ్ళిపోయాడు. మర్యాద తెలియని మనిషి.

ఏప్రిల్ 2

మధ్యాహ్నం పొట్టి ఆఫీసుకి వచ్చింది. కోచ్, మా ఆవిడ కలిసి దాన్ని వేరే ఆసుపత్రిలో లేడీ డాక్టరుకి చూపించారట. నాకు తెలియకుండా. నా ఇంట్లో.

నా గదిలో ఇంకో ఇద్దరు గుమాస్తాలు ఉన్నారు. బయటికి పద అన్నాను. కదల్లేదు.

"నా కడుపులోంచి తీసేసింది ఏంటి అన్నయ్యా?"

గుమాస్తాలు వాళ్ళంతట వాళ్ళే లేచి వెళ్ళిపోయారు.

చెప్పాను. ఈసారి మొత్తం. నీ పరుగు ఆగకూడదనే చేశాను, పేపర్లో పడకూడదనే చేశాను, నీకు తెలిస్తే తట్టుకోలేవనే చెప్పలేదు అన్నాను. అన్నీ నిజాలే.

అది నిలబడే వింది. "ఆ డాక్టరమ్మ చెప్పింది. ఇక జన్మంతా మాత్రలు వేసుకోవాలట. లేకపోతే ఎముకలు గుల్లబారిపోతాయట. నాకు పిల్లలు పుట్టరని కూడా ఆవిడే చెప్పింది. పరాయి మనిషి. నా చెయ్యి పట్టుకుని చెప్పింది."

"అది ఆపరేషన్ వల్ల కాదమ్మా, పుట్టుకతోనే..."

"తెలుసు. అది కూడా ఆవిడే చెప్పింది. నీకు ఫిబ్రవరిలోనే తెలుసు కదా. నాకు ఏప్రిల్లో."

"చెబితే ఏం చేసేదానివి?"

"ఏమో. పరుగు మానేసేదాన్నేమో. ఇంటి వెనకాల ఒక్కదాన్నే పరిగెత్తుకునేదాన్నేమో. మాత్రలు మింగేదాన్నేమో. నువ్వు ఒక్కసారి అడగాల్సింది. అడిగితే నువ్వు చెప్పిందే చేసేదాన్నేమో కూడా."

మంచినీళ్ళ గ్లాసు ముందుకి జరిపాను. తాగింది. గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయింది. అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఏప్రిల్ 3

ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు. అమ్మ కూడా. ఎవరికీ తెలియకూడదన్నది తనే కదా?

ఏప్రిల్ 8

ఆరో అంశం చిక్కు విడిపోయింది. విడగొట్టింది నేనే.

నాలుగు దేశాలు సంతకం పెట్టేది లేదని తెగేసి చెప్పాయి. మంత్రిగారు చిందులు తొక్కారు. అందరూ తలలు పట్టుకుని కూర్చున్నప్పుడు నాకే తట్టింది. "వారి అనుమతి" దగ్గర "వారి లేదా వారి కుటుంబ పెద్ద అనుమతి" అని చేర్చాను. నాలుగే మాటలు ఎక్కువ. నాలుగు దేశాలూ గంటలో ఒప్పుకున్నాయి.

డైరెక్టర్ గారు అందరి ముందూ నన్ను కౌగిలించుకున్నారు.

ఆలోచించి చూస్తే అది న్యాయమైన మార్పే. కుటుంబం చెడు కోరుతుందా?

ఏప్రిల్ 12

కొత్త తలనొప్పి. దూరదేశపు ప్రతినిధి ఒకావిడ, నెరిసిన జుట్టు, గొలుసుకి కట్టిన కళ్ళద్దాలు, పొట్టి సంగతి ఎక్కడో విని సభలో ఆ అమ్మాయిని చూడాలని రాసింది. దాచిపెడితే కొంప మునుగుతుంది. నవ్వుతూ వేదిక మీద నిలబెడితే ఏ గొడవా ఉండదని డైరెక్టర్ గారి ఆలోచన.

"మన ఇంటి పిల్ల. నాలుగు మాటలు చెప్పి దిగిపోతుంది. ఆ తర్వాత మన శాఖలోనే ఉద్యోగం," అన్నారు.

ఏప్రిల్ 14

పొట్టి ఒప్పుకుంది! బతిమాలాల్సి వస్తుందనుకున్నాను. వారం రోజులుగా గోడకేసి తిరిగి పడుకున్న పిల్ల లేచి కూర్చుని, "అందరు మంత్రులూ ఉంటారా?" అని అడిగింది.

"అన్ని దేశాల వాళ్ళూ."

"నేను చెప్పేది వాళ్ళకి అర్థమవుతుందా?"

"అనువాదకుడు ఉంటాడు. నువ్వు మన భాషలోనే మాట్లాడొచ్చు."

"అయితే వస్తా."

పెద్ద మనసు దానిది. మా నాన్న పోలిక.

ఏప్రిల్ 18

సమ్మేళనం అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాయాలి.

పొట్టి జట్టు ట్రాక్‌సూట్ వేసుకుని వచ్చింది. ఒళ్ళు కొంచెం వచ్చింది, బిగుతుగా ఉంది. వేదిక మీద మంత్రిగారి పక్క కుర్చీ. అనువాదకుడు దాని పక్కన. నేను వెనక వరసలో, కాగితాలతో. అది మాట్లాడాల్సిన నాలుగు వాక్యాలు డైరెక్టర్ గారు ముందే చెప్పి ఉంచారు. తడబడకుండా అప్పజెప్పింది. పరుగంటే ఇష్టం, దేశం నన్ను చూసుకుంది, అందరికీ ధన్యవాదాలు. చప్పట్లు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు ఆ కళ్ళద్దాలావిడ చెయ్యి ఎత్తింది. ఒకే ప్రశ్న అంది. అనువాదకుడు పొట్టి వైపు తిరిగి మన భాషలో చెప్పాడు. "ఆపరేషన్‌కి ముందు మిమ్మల్ని అడిగారా అంటున్నారు."

పొట్టి మైకు దగ్గరికి లాక్కుంది. దీనికోసమే వచ్చిందని నాకు అప్పుడు అర్థమైంది.

"అడిగారు," అంది.

అనువాదకుడు వాళ్ళ భాషలో అవునన్నాడు. చప్పట్లు మొదలయ్యాయి.

పొట్టి అవి ఆగేదాకా ఆగింది. "మా అన్నయ్యని అడిగారు. నాకు హెర్నియా అని చెప్పారు. నేను నిద్రలో ఉండగా నా కడుపులో ఏం ఉంచాలో ఏం తియ్యాలో ఫోన్లో మాట్లాడుకున్నారు. నేను పరిగెత్తలేను ఇప్పుడు. మెట్లెక్కినా ఆయాసమే. ఇంకే అమ్మాయికీ ఇలా చెయ్యొద్దని చెప్పడానికి వచ్చాను."

మన శాఖ వాళ్ళు మూడు వరసల్లో ఉన్నారు. ప్రతి మాటా అందరికీ అర్థమైంది. ఒక్కడూ తల ఎత్తలేదు. మంత్రిగారు ముందున్న నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చున్నారు. అనువాదకుడు డైరెక్టర్ గారి వైపు చూశాడు. డైరెక్టర్ గారు నా వైపు చూశారు.

నేను ఏం చేశానో తెలియదు. తల అడ్డంగా ఊపాననుకుంటాను.

అనువాదకుడు గొంతు సవరించుకున్నాడు. ఆ భాష నాకు వచ్చు. "అన్నయ్య, కుటుంబం నాకు ఈ కష్టకాలంలో అండగా ఉన్నారు. ఇలాంటి సమస్య ఇంకే అమ్మాయికీ రాకూడదని కోరుకుంటున్నాను," అన్నాడు.

హాలంతా లేచి నిలబడింది. చప్పట్లే చప్పట్లు. ఆ కళ్ళద్దాలావిడ కళ్ళు తుడుచుకుంది.

పొట్టి వాళ్ళందరినీ ఒక చివర నుంచి ఇంకో చివరికి చూసింది. మొదట దాని ముఖం విప్పారింది, విన్నారనుకుంది. తర్వాత వాళ్ళ నవ్వులు చూసింది. వెనక్కి తిరిగి నన్ను అడిగింది, మైకు దగ్గరే. "ఎందుకు చప్పట్లు కొడుతున్నారు అన్నయ్యా?"

"నీ ధైర్యానికి," అన్నాను.

అది కూడా అబద్ధం కాదు.

తర్వాత సంతకాలు. అన్ని దేశాలూ పెట్టాయి. ఆరో అంశంతో సహా. ఫోటోలో పొట్టి మధ్యలో ఉంది.

కారులో ఎక్కాక దానికి ఎవరు చెప్పారో తెలియదు, దానంతటదే పసిగట్టిందో. "వాడు నేను చెప్పింది చెప్పలేదు కదూ?" అంది. నేను కిటికీ వైపు తిరిగాను. కూడలి దగ్గర కారు ఆగగానే తలుపు తీసుకుని దిగిపోయింది. పరిగెడుతుందనుకున్నాను. నడిచే వెళ్ళింది. నాలుగు అడుగులకోసారి ఆగుతూ.

కారు దిగి పిలవొచ్చు. వెనక బళ్ళు హారన్లు కొడుతున్నాయి.

ఏప్రిల్ 20

కోచ్ వాళ్ళింట్లో ఉందట. మా ఆవిడ బట్టలు సర్ది తీసుకెళ్ళింది. దాని బట్టలు, తన బట్టలు కూడా.

ఏప్రిల్ 26

పదోన్నతి ఉత్తర్వు వచ్చింది. అమ్మకి చెబితే, "మంచిది," అని గోడ వైపు చూస్తూ అంది.

మే 5

ఇంట్లో గడియారం చప్పుడు ఇంత గట్టిగా ఉంటుందని తెలియదు.

చిన్నపిల్ల. కోపం తగ్గాక వస్తుంది.

మే 17

కోచ్ ఇంటికి వెళ్ళాను. తలుపు మా ఆవిడ తీసింది. "లోపల ఉంది. మిమ్మల్ని చూడనంది. నేను అడిగాను, వద్దంది. వద్దంటే వద్దనే కదండీ?" అని తలుపు వేసేసింది.

జూన్ 9

డైరెక్టర్ గారు ఉదయాన్నే ఫోన్ చేశారు. మహా హుషారుగా ఉన్నారు. సంతకం పెట్టిన దేశాల్లో ఒకచోట మన ప్రకటన అప్పుడే అమల్లోకి వచ్చిందట. కుస్తీ ఆడే ఒక అమ్మాయికి ఇలాంటి సమస్యే వచ్చిందట. వెనకటిలా అయితే గొడవలు, కోర్టులు. ఈసారి ఆరో అంశం చూపించారు, తండ్రి సరేనన్నాడు, ఉదయం చేర్చి సాయంత్రానికల్లా ముగించారు. అక్కడి మంత్రి స్వయంగా మన మంత్రికి ఫోన్ చేసి కృతజ్ఞతలు చెప్పాడట.

"నీ నాలుగు మాటలు పనిచేశాయోయ్! ఎంత సాఫీగా జరిగిపోయిందో!"

ఎందుకో అడిగాను. "ఆ అమ్మాయి ఎలా ఉందండీ?"

"ఏ అమ్మాయి?" అన్నారు డైరెక్టర్ గారు.